బావగారి పొగయుద్ధం

మొదట్లో ఆ కుర్రాడి దగ్గర ఉన్నవి ముప్పై ఎనిమిది వేలు, ఒక బావ. ముప్పై ఎనిమిది వేలూ గది అడ్వాన్సుకీ, ఒక బల్లకీ, రెండు కుర్చీలకీ, గుమ్మం మీద బోర్డుకీ సరిపోయాయి. బావ మాత్రం ఎంత వాడినా తరగలేదు.

గది అంటే టీకొట్టుకీ పక్కింటి మెట్లకీ మధ్య మిగిలిపోయిన జాగా. ఇదివరకు అందులో ఒకాయన గొడుగులు బాగుచేసేవాడు. కుర్రాడు దాన్ని ట్రావెల్స్ ఆఫీసు అన్నాడు గనక అది ట్రావెల్స్ ఆఫీసయింది. బస్సులకీ విమానాలకీ టిక్కెట్లు ఎవరికి వాళ్ళే ఫోన్లో కొనుక్కుంటున్నారు, ఓడ అంటే మాత్రం ఇంకా జంకుతున్నారు, జంకు ఉన్నచోటే మధ్యలో ఒక మనిషి కావాల్సొస్తాడు అని అతని లెక్క. అందుకని బోర్డు మీద ఓడ బొమ్మే వేయించాడు. గీసినవాడు ఓడని ఎన్నడూ చూసిన పాపాన పోలేదేమో, బొమ్మ అచ్చం ఇస్త్రీ పెట్టెలా వచ్చింది.

లాండ్రీ పిన్ని మొదటిసారి ఆ గుమ్మం ఎక్కింది అందుకే. వీధిలో ఇంకో ఇస్త్రీ కొట్టు పెడుతున్నారని విని, ఎవరా అని తేల్చుకోవడానికి వచ్చింది. గోడమీద అసలైన ఓడ ఫోటో చూసి, కొంగు బిగించి వచ్చిన మనిషి కాస్తా కుర్చీలో కూర్చుండిపోయింది. ఎంతసేపో చూసి, మా ఆయన సముద్రం మధ్యకి వెళ్ళి నాలుగువైపులా నీళ్ళే చూడాలంటాడు, చిన్నప్పటినుంచీ అదే పిచ్చి, అంది.

ఆయన ముప్పై ఏళ్ళు బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన మనిషి. బట్టలు తెల్లగా మిగిలాయి, ఊపిరితిత్తులు మిగల్లేదు. సిగరెట్టు పొగ ఒక్క గుక్క తగిలినా రాత్రంతా గోడకి చేరబడి కూర్చోవలసిందే. బస్సులో ఎవడైనా వెలిగిస్తే పిన్ని బస్సు ఆపించి దింపేస్తుంది. మరి ఓడలో వెలిగిస్తే ఎక్కడికి దింపను అని ఆమె అడిగింది. కుర్రాడు అప్పటికప్పుడు ఓడ కంపెనీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి వినిపించాడు. అవతలి అమ్మాయి, పొగతాగడం కేటాయించిన ప్రదేశంలో మాత్రమే అనుమతించబడును అని గోడమీద రాసున్నది చదివినట్టు చదివింది.

"అమ్మేవాళ్ళు ఎలాగూ అదే చెబుతారు. ఎక్కి దిగినవాళ్ళు చెప్పాలి" అంది పిన్ని.

ఎక్కి దిగినవాళ్ళు కుర్రాడి ఇంట్లోనే నలుగురున్నారు. కొట్టు తెరిచిన మొదటి నెలలో, బోణీ ఇంటివాళ్ళతోనే అయినా బోణీయేనని, అమ్మనీ, అక్కనీ, బావనీ, వాళ్ళ పాపనీ అదే ఓడ ఎక్కించాడు. అమ్మని అడగండి పిన్నీ, ఆవిడకీ పొగ పడదు అన్నాడు. మీ అమ్మ కొడుకు వ్యాపారాన్ని చెడగొడుతుందా అంది పిన్ని. పోనీ అక్కని అడగండి అన్నాడు. తోడబుట్టింది, ఆవిడా అంతే అంది. ఇక మిగిలింది బావ. "ఆయన అల్లుడు. బావమరిది సరుకు బాగుందని ఏ అల్లుడూ ఊరికే అనడు. ఆయన బాగుందంటే నేను నమ్ముతాను" అని పిన్ని లేచింది. పోతూ పోతూ, మా ఆయన అప్పుడే తెల్ల టోపీ ఒకటి కొనుక్కుని అద్దం ముందు తిరుగుతున్నాడు, తేలిస్తే తొందరగా తేల్చు అంది.

కుర్రాడు వేళ్ళమీద లెక్క వేసుకున్నాడు. పిన్ని ఊ అంటే బయటివాళ్ళ చేతిమీదుగా వచ్చే మొదటి బేరం అదే. పైగా పిన్ని ఒక్కతీ కాదు. వీధిలో సగంమంది మాసిన బట్టలు ఆమె బల్లమీదుగానే పోతాయి, వాటితోపాటే కబుర్లూ పోతాయి. ఆమె కాదంటే ఆ మాట రేపటికల్లా ఇస్త్రీ మడతల్లో ఇంటింటికీ చేరుతుంది. ఇన్ని అవకాశాల్నీ తీసుకెళ్ళి బావ నాలుక మీద పెట్టాల్సొచ్చింది.

బావకి వీధి చివర ఫ్యాన్ల కొట్టుంది. కొత్తవి అమ్ముతాడు, పాతవాటికి వైండింగ్ చేస్తాడు. ఓడ దిగినప్పటినుంచి వీధంతా అతన్ని కెప్టెన్ అంటోంది. ఎగతాళికే అంటోంది, కానీ అతను బిరుదుగానే పుచ్చుకున్నాడు. రెండేళ్ళ కిందట అక్క ఒట్టేయించుకుంటే సిగరెట్లు మానేశాడు. మానేసిన సంగతి రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాడు, నోట్లో లవంగం చప్పరిస్తూ.

మర్నాడు పొద్దున కుర్రాడు ఫ్యాన్ల కొట్టుకి వెళ్ళి బావకి పాఠం చెప్పాడు. పొగ లేదు, గాలి బాగుంది, ధైర్యంగా వెళ్ళిరండి. అంతే బావా, ఇంకొక్క ముక్క వద్దు అన్నాడు. బావ రెండుసార్లు అప్పజెప్పాడు. మూడోసారి అప్పజెబుతూ, ఇంతేనా అని అడిగాడు. ఆ అడగడంలోనే కుర్రాడు ప్రమాదం పసిగట్టాల్సింది.

సాయంత్రం టీకొట్టు దగ్గర సభ కూడింది. టీ బాబాయి స్టవ్ వెనక, డ్యూటీ దిగిన కండక్టర్ బల్ల మీద, లాండ్రీ పిన్ని ప్లాస్టిక్ స్టూలు మీద. పిన్ని సాధారణంగా టీకొట్లో కూర్చోదు. ఆమె కోసం బాబాయి గ్లాసు రెండుసార్లు కడిగాడు. కుర్రాడు తన ఆఫీసు గుమ్మానికి ఆనుకుని, ఒక చెవి ఇటూ ఒక కన్ను పిన్ని మొహం మీదా వేసి నిలబడ్డాడు.

బావ మర్యాదగానే మొదలుపెట్టాడు.

"పెద్ద విషయమేం కాదు అత్తయ్యగారూ. మొదటిరోజు సాయంత్రం అందరం డెక్కు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఒకాయన వచ్చి పక్కనే సిగరెట్టు ముట్టించాడు. మా అత్తగారు ఒక్క దగ్గు దగ్గారు. నేను వేలు తడి చేసి పైకెత్తి, గాలి ఎటునుంచి వస్తోందో చూసి, ఆవిడ కుర్చీ ఇటునుంచి అటు జరిపాను. అంతే."

బావ నోట అంతే అన్న మాట విని కుర్రాడు ఉన్నవాడు ఉన్నట్టే పొంగిపోయాడు. పాఠంలో లేని ఒకాయన ఎక్కడినుంచో వచ్చాడు, నిజమే, కానీ కుర్చీ జరిపితే తీరిపోయే పొగ ఒక పొగా. పిన్ని కూడా తలాడించింది. అక్కడితో అందరూ లేచిపోయుంటే ఈపాటికి రెండు టిక్కెట్లు తెగేవి.

కానీ కండక్టర్ ఆవలించాడు.

అతని తప్పేం లేదు, తెల్లారగట్ల మొదటి బస్సుకి ఎక్కిన మనిషి. కానీ ఈ లోకంలో బావ భరించలేనిది ఒక్కటే, తను మాట్లాడుతుండగా ఎదటివాడు ఆవలించడం. లవంగాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చాడు. స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలియదు, తెలుసుకోవాలనీ లేదు అని కుర్రాడు మనసులో అనుకున్నాడు. ఈలోగా బావ చెప్పేశాడు. ఆ పొగ మామూలు పొగ కాదట. కుర్చీ అటు జరిపితే అదీ అటే వచ్చిందట. మళ్ళీ ఇటు జరిపితే ఇటొచ్చిందట. చూస్తుండగానే డెక్కు మీద వంద సిగరెట్లు వెలిగాయట, ఎటు చూసినా పొగే, ఎదురుగా ఉన్న పాప గౌను రంగు కూడా ఆనలేదట. అప్పుడు బావ తన వృత్తి గుర్తుచేసుకుని, వంటశాలకి పరిగెత్తి, మనిషి పడుకునేంత వెడల్పున్న పళ్ళెం ఒకటి తెచ్చి, రెగ్యులేటర్ అయిదులో పెట్టినట్టు ఊపడం మొదలెట్టాడట.

"ఎలా ఊపాననుకున్నారు, ఊరికే ఊపితే పొగ చెదురుతుంది, చెదిరితే ఇంకా నలుగురి ముక్కుల్లోకి పోతుంది, అందుకని రెక్క తిరగేసినట్టు కొంచెం ఏటవాలుగా ఊపాను, ఊపేసరికి ఆ పొగంతా వచ్చిన దారినే వెనక్కి తిరిగి, ఎవడి పొగ వాడి సిగరెట్టులోకి దూరిపోయింది. చివరిదాకా కాలిన పీకలు మళ్ళీ నిండు సిగరెట్లయ్యాయి. జనం వాటిని పెట్టెల్లో పెట్టుకుని, ఆ పెట్టెలు తీసుకెళ్ళి దుకాణంలో తిరిగిచ్చేశారు."

"డబ్బు వాపసిచ్చారా గురువుగారూ?" అన్నాడు కండక్టర్. నిద్ర ఎటుపోయిందో పోయింది.

"ఇవ్వక చస్తారా? సీలు కూడా చెదరలేదు" అన్నాడు బావ.

కుర్రాడు పిన్ని వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. వంద సిగరెట్లా అని మాత్రం అడిగింది. ఆమెకి పట్టింది పళ్ళెం కాదు, వంద. కుర్రాడికి ఆ క్షణంలో బావ కష్టమేమిటో అర్థమైంది. పొగ లేదంటే బావ చేసిన ఘనకార్యమూ లేదు. బావ ఎంత ఎదగాలంటే పొగ అంత ఎదగాలి. తనకేమో పొగ చీమంత ఉండాలి. ఒకే పొగని ఇద్దరు పంచుకోవలసొస్తే ఇలాగే ఉంటుంది.

కథని ఒడ్డుకి లాగడానికి అతను ఒక తాడు విసిరాడు. "డెక్కు సంగతి సరే బావా. గదుల్లో మాత్రం అసలు తాగనివ్వరు కదూ."

అది తాడు కాదు, మంటలో వేసిన కట్టెలు. బావ కళ్ళు వెలిగిపోయాయి.

"గదుల్లోనా? అసలు యుద్ధం జరిగిందే గదుల్లో" అన్నాడు.

పక్కగదిలో ఒక పెళ్ళిబృందం అంతా కూర్చుని తాగుతున్నారట. తలుపు సందులోంచి పొగ మొదట దారంలా వచ్చిందట, తర్వాత తాడులా, తర్వాత దూలంలా వచ్చిందట. అత్తగారు మంచం మీద, అక్క అత్తగారి పక్కన, పాప అక్క ఒళ్ళో. ముగ్గురికీ పీకదాకా పొగ. బావ వాళ్ళకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడట. ఎంత చిక్కటి పొగంటే, మంచం మీంచి దూకబోయిన పాప కిందపడకుండా పొగమీదే ఆగిపోయిందట. చేత్తో నెడితే కదల్లేదట. అప్పుడు పండ్లు కోసే చాకు తీసుకుని, పొగని దిమ్మలు దిమ్మలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బాల్కనీలోంచి సముద్రంలోకి విసిరాడట.

"మునిగాయా, తేలాయా?" టీ బాబాయి గ్లాసుల్లోకి వడపోస్తూ అడిగాడు.

"కొన్ని మునిగాయి, కొన్ని తేలాయి. మునిగినచోట చేపలు దగ్గాయి బాబాయ్, మా చెవులతో విన్నాం. ఒక పెద్ద చేపైతే ఒడ్డు ఎటో కూడా చూసుకోకుండా డాక్టరు కోసం బయల్దేరింది."

"దానికి టిక్కెట్టు ఎవరు కొట్టారో" అన్నాడు కండక్టర్.

బల్లమీద నవ్వులు లేచాయి. దారినపోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. బావ గొంతు పెరిగింది. అతనికి ఇప్పుడు బేరం గుర్తులేదు, పొద్దుటి పాఠం గుర్తులేదు, బావమరిది ఒకడున్నాడనీ గుర్తులేదు. కుర్రాడు గుమ్మం వదిలి, బల్ల వెనకగా వచ్చి బావ చొక్కా కొస లాగాడు. బావ ఆ చేతిని ఈగని తోలినట్టు తోలేశాడు.

పిన్ని గ్లాసు ఇంకా సగం ఉంది. ఆమె దాన్ని తాగడం మానేసి వింటోంది. ఆమె మొహంలో నమ్మకమూ లేదు, కోపమూ లేదు. మరక ఎంత లోతుకి దిగిందో చూస్తూ, చేతిలో బట్టని వెలుగుకి పట్టినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"గది ఒక్కటే కదా అల్లుడుగారూ," అంది ఆమె మెల్లగా. "పెళ్ళివాళ్ళు లేని పక్క ఇంకో గది అడిగి తీసుకుంటే?"

"ఏ గదని అడుగుతారు? ఓడంతా పొగే కదా" అన్నాడు బావ.

రెండు టిక్కెట్లు, ఒక తెల్ల టోపీ, వీధిలో సగంమంది, అన్నీ కలిపి బావ బాల్కనీలోంచి సముద్రంలోకి విసిరేశాడు. పైగా అది అబద్ధం కూడా. అబద్ధమని కుర్రాడికి తెలుసు, అమ్మ రెండు వారాలుగా ఆ ఓడ గాలినే పొగుడుతోంది. కానీ ఇప్పుడు అడ్డుపడి మా బావ చెప్పేది కోత అందామంటే, బావే సాక్షి అని ఒప్పుకున్నది తనే. సాక్షిని అబద్ధాలకోరని తిట్టి, అతని మాట మీద టిక్కెట్లు అమ్మడం ఎలా?

అతను ఆ లెక్క తేల్చుకునేలోపే కథ ఓడ నడిపే గదిలోకి ఎక్కేసింది. కెప్టెనే స్వయంగా దిగొచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నాడట. అయ్యా, పొగలో దారి కనబడటం లేదు, ఓడని మీరే కాపాడాలి అన్నాడట. బావ ముందు మొహమాటపడ్డాడట. తర్వాత ఓడ అడుగుకి దిగి, నీళ్ళలో తిరిగే రెక్కని ఒక్కచూపు చూసి, ఇదీ ఫ్యానే కదా, వైండింగ్ పాతబడింది అన్నాడట. తన కొట్లో వాడే రాగితీగె ఒకటి జేబులో ఉంటే దాంతో నాలుగు చుట్లు చుట్టాడట.

"ఇక చూడండి, ఓడ అందుకున్న పరుగుకి పొగ వెనకపడిపోయింది, పొగేనా, చప్పుడు వెనకపడింది, నీడ వెనకపడింది, మేం భోజనానికి కూర్చుంటే వాసన మర్నాడొచ్చింది, ఆఖరికి రేవులో దిగి చూసుకుంటే ఏమైందో తెలుసా? మేం బయల్దేరిన రోజుకి ముందురోజే చేరిపోయాం. రేవులో ఓడ ఎక్కడానికి వస్తున్న మమ్మల్ని మేమే చూశాం. మా పాప వాళ్ళ పాపకి టాటా చెప్పింది."

బల్ల బల్లంతా చప్పట్లు కొట్టింది. కండక్టర్ నిలబడి దండం పెట్టాడు. టీ బాబాయి, ఇంత కథకి విడిగా చక్కెర అక్కర్లేదని ఆ వాయి చప్పగానే పోసేశాడు. బావ కండువాలేని భుజం మీద కండువా సర్దుకున్నట్టు సర్దుకుని, కొత్త లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఎందుకు వచ్చాడో. పిన్ని వైపు తిరిగి, పాఠంలో ఆఖరి ముక్క అప్పజెప్పాడు.

"అంచేత ధైర్యంగా వెళ్ళిరండి."

కుర్రాడు నేల చూశాడు.

పిన్ని గ్లాసు బల్లమీద పెట్టింది. "ఒక్క సందేహం అల్లుడుగారూ" అంది.

ఎన్నైనా అడగమన్నాడు బావ.

"మా కొట్లో ఒక పద్ధతుంది. బట్ట ఏదైనా మెషిన్లో వేసేముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. ఎందుకంటే నూనె, పొగ, చేపల కంపు, ఇలాంటివి ఒక్క బట్టకున్నా మెషిన్లో ఉన్న బట్టలన్నిటికీ పట్టేస్తాయి. అలాంటివి పక్కన పెట్టి విడిగా ఉతుకుతాను. మీరు ఓడ దిగిన మర్నాడు మీ ఇంటినుంచి రెండు మూటలొచ్చాయి. గుర్తుందా?"

బావ నోట్లో లవంగం ఆగింది.

"ఒక మూట మీ ఆవిడ పంపింది. అందులో మీ అత్తగారి శాలువా ఉంది. అసలైన ఉన్ని. ఉన్నికి ఒక్కసారి పొగ పట్టిందంటే మూడు ఉతుకులకి కూడా వదలదు, నాతో పంతం పడుతుంది. దానికి ఏ వాసనుంది? ఉప్పుగాలి, కాస్త నొప్పుల మందు. పాప గౌనుకి ఐస్‌క్రీం. మీ ఆవిడ బట్టలకి పౌడరు. పీకదాకా పొగలో కూర్చున్న ముగ్గురి బట్టలవి."

"ఆ ఓడలో సబ్బు మంచిది..." అని బావ ఏదో అనబోయాడు.

"రెండో మూట మీరే తెచ్చారు. సందు తలుపు వైపునుంచి వచ్చి, విడిగా ఉతకండి అని మా అబ్బాయి చేతిలో పెట్టి వెళ్ళారు. సెంటు సీసా సీసా పోసేశారు దాని మీద. నేను ఆ సెంటు కిందది చూశాను. అన్నీ మీ చొక్కాలే. ప్రతి చొక్కాకీ సిగరెట్టు కంపు, కుడిచేతి అంచు దగ్గర మరీను. జేబు అడుగున పొగాకు పొట్టు. మోచేతులకి తెల్ల రంగు, ఓడ అంచు కమ్మీకి ఆనుకుని నిలబడితే అంటుకునేది. అది వదిలించడానికి కిరోసిన్ పట్టింది."

టీ బాబాయి స్టవ్ తగ్గించాడు, బాగా వినబడటానికి.

బావ చుట్టూ చూశాడు. ఏ వైపునుంచీ గాలి వీచలేదు. అడ్డంగా నిలబడ్డవాణ్ణి నేనే కదా, అందరికీ తగలాల్సిందంతా నాకే తగిలింది, అని గొణిగాడు.

"యుద్ధంలో తగిలితే బయటినుంచి తగులుతుంది అల్లుడుగారూ. మీకు జేబులోంచి తగిలింది" అంది పిన్ని.

కండక్టర్ గట్టిగా ఒక్కసారి దగ్గాడు, ఆ చేప దగ్గినట్టు. బల్లమీద జనం నవ్వి నవ్వి ఒకళ్ళమీద ఒకళ్ళు వాలారు. కుర్రాడికి నవ్వు రాలేదు. అతను పిన్ని ఇంకా లేవకపోవడం చూస్తున్నాడు. బేరం వద్దనుకున్న మనిషైతే ఈపాటికి స్టూలు వెనక్కి నెట్టి లేచేది. ఆమె ఇంకా కూర్చునే ఉందంటే అడగవలసింది ఇంకా మిగిలుందన్నమాట.

మిగిలే ఉంది. నవ్వులు తగ్గేదాకా ఆగి ఆమె గొంతు తగ్గించింది. "మీ ఆవిడకి నేను చెప్పను. అది మీ ఇంటి గొడవ, అది ఉతకడం నా పని కాదు. నాకు కావలసింది ఒక్కటే. మీతో ఒకే గదిలో ఉండి, ఒకే బల్ల దగ్గర తిని, రోజంతా మీ పక్కన తిరిగిన ముగ్గురికి ఇసుమంత పొగ తగల్లేదు. అంటే మీరు ఎక్కడో దూరంగా నిలబడి తాగారు. ఆ చోటెక్కడో నిజం చెప్పండి. మేం అటువైపు వెళ్ళం."

కుర్రాడు ఒక్క అంగలో ఆఫీసులోకి వెళ్ళి, ఓడ అంతస్తుల పటం ఉన్న పెద్ద కాగితం తెచ్చి, గ్లాసులు జరిపి, బావ ముందు పరిచాడు. బావ వేలు మొదట డెక్కు మీద కాస్త తచ్చాడింది, గదుల మీదుగా పోయింది, చివరికి కాగితం అంచు దగ్గర ఆగింది.

"అయిదో అంతస్తు. వెనకవైపు. చిన్న పడవలు వేలాడుతుంటాయి, వాటి కింద ఇసుక తొట్టి ఉంటుంది. గాలి అక్కణ్ణుంచి వెనక్కే పోతుంది, లోపలికి రాదు."

కుర్రాడికి తెలిసి అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో బావ చెప్పిన అతి పొట్టి కథ అదే. అందులో ఒక్క అక్షరం కూడా తీసెయ్యక్కర్లేదు.

"ఇంకెక్కడా తాగరా?" అంది పిన్ని.

"తాగనివ్వరు. బాల్కనీలో వెలిగించబోతే ఓడ మనిషొకడు వచ్చి, ఎంతో మర్యాదగా చేతిలోంచి తీసుకుపోయాడు. మెట్ల కింద చూశాను, అక్కడా పట్టుకున్నారు. నడవాలో ముట్టించకుండానే పట్టుకున్నారు, జేబులో చెయ్యి పెట్టినందుకే." బావ గొంతులో ఇంకా ఆ ఉక్రోషం ఉంది. "మహా దరిద్రపు ఓడ అత్తయ్యగారూ. ఒక్క దమ్ము కోసం అన్ని మెట్లెక్కి అంత దూరం నడవాలి."

పిన్ని మొహం మొదటిసారి విప్పారింది. ఓడ కంపెనీ అమ్మాయి చదివిన వాక్యం వల్ల కానిది, కుర్రాడి ప్రాధేయపడటం వల్ల కానిది, ఆ ఒక్క ఫిర్యాదు వల్ల అయింది. ఇంత ఆవురావురుమన్న మనిషికే దొరకనివ్వలేదంటే మా ఆయన బతికాడు అంది.

అంతలో కుర్రాడికి ఒకటి తట్టింది. "మరి మొదటిరోజు అమ్మ పక్కన సిగరెట్టు ముట్టించినాయనెవరు బావా? అమ్మ దగ్గిందన్నావుగా."

బావ టీగ్లాసులోకి చూశాడు. "ఐస్‌క్రీం తిని దగ్గారు" అన్నాడు.

"కుర్చీ?" అన్నాడు కండక్టర్.

"కుర్చీ జరిపాను. ఎండ పడుతోందని."

అదైనా నిజమయినందుకు కండక్టర్ లేచి అతని భుజం తట్టాడు. పిన్ని తన టీ ఆఖరి గుక్క తాగి, పటం మీద వంగింది. కుర్రాడు ఎర్ర పెన్ను తీసి అయిదో అంతస్తు వెనక ఒక సున్నా చుట్టాడు. ఆమె వేలు ఆ సున్నా దగ్గర మొదలై, ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోయి, ఓడ ముక్కు దగ్గర ఆగింది.

"ఇక్కడ ఖాళీ ఉందేమో కనుక్కో అబ్బాయ్. కిటికీ పెద్దది కావాలి, నీళ్ళు కనబడాలి. ఆయన టోపీ పెట్టుకుని కూర్చుంటాడు" అని, నిలబడి, కొంగు దులుపుకుంది.

కుర్రాడు ఆఫీసులోకి పోయి ఫోన్ తీశాడు. వెనకాలే బావ వచ్చాడు. గుమ్మంలోంచి అటూ ఇటూ చూసి, వీధిలో ఎవరూ రావడం లేదని నిర్ధారించుకుని, బల్ల మీదకి వంగి చెవిలో చెప్పాడు. "నా సంగతి మాత్రం ఎత్తకురా."

"ఎవరి దగ్గర బావా, ఓడవాళ్ళ దగ్గరా, అక్క దగ్గరా?"

బావ ఆలోచించాడు. ఓడవాళ్ళు తనని ఎలాగూ మర్చిపోరని తేలినట్టుంది, మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. బయట టీకొట్టు దగ్గర కండక్టర్ ఎవరికో అప్పుడే చెబుతున్నాడు, పొగని దిమ్మలుగా కోశాడటరా మన కెప్టెన్ అని. బావ మెడ అటు తిరిగింది, పెదవులు కదిలాయి. దిమ్మలు ఎన్నో వాడు తక్కువ చెబుతున్నాడని అతని బాధ.

కుర్రాడు ఒక చేత్తో బావ చొక్కా పట్టుకుని ఆపి, రెండో చేత్తో నంబరు నొక్కాడు. అవతల మోగుతోంది. ఎర్ర సున్నాకి ఎదురు కొసన ఉన్న గది నంబరు మీద వేలుపెట్టి, ఎత్తగానే అడగడానికి గొంతు సవరించుకున్నాడు.